ఉజ్జీవ సభలు సరే, తీర్చవలసిన ఋణాల మాటేమిటి?

సంపాదకులు గారికి నమస్కారాలు.

ఈస్టరుకు ముందు వచ్చే ఈ నలభై రోజుల శ్రమకాలంలో మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో జరుగుతున్న ఉజ్జీవ కూటములను, అంటే విశ్వాసాన్ని మళ్లీ మేల్కొలిపే ప్రార్థనా సభలను, గురించి మీ జిల్లా పేజీలో వస్తున్న వార్తలను నేను రోజూ చదువుతున్నాను. ఎంతమంది వచ్చారో, ఎవరు వాక్యం చెప్పారో, ఎంతమంది చేతులెత్తి తమ జీవితాలను ప్రభువుకు సమర్పించుకున్నారో ఆ వార్తల్లో ఉంటుంది. అందులో విలేకరుల తప్పేమీ లేదు. సంఘాల వారు ఏ లెక్క చెబితే వారు ఆ లెక్కే రాస్తారు. అయితే అల్లూరు మండలంలో ఇరవై నాలుగేళ్లు రైతుల దగ్గర ధాన్యం కొని మిల్లులకు తోలిన వ్యాపారిగా, అంతకంటె ఎక్కువ కాలం బాప్టిస్టు సంఘంలో సభ్యుడిగా ఉన్నవాడిగా, ఆ వార్తల్లో ఎన్నడూ కనపడని ఇంకొక లెక్క ఉందని చెప్పడానికి ఈ ఉత్తరం రాస్తున్నాను. పాపం విడిచిపెట్టానని దేవునితో చెప్పిన మనిషి, ఆ పాపం వల్ల తన ఇంట్లోకి వచ్చి చేరిన సొత్తును ఏం చేశాడన్నదే ఆ లెక్క.

మన పెన్నా డెల్టాలో రబీ కోతలూ శ్రమకాలమూ దాదాపు ప్రతి ఏడూ కలిసే వస్తాయి. మార్చి, ఏప్రిల్ నెలల్లో పగలంతా కళ్లాల దగ్గర కాటాలు నడుస్తుంటాయి, చీకటి పడగానే చర్చీల్లో మైకులు మోగుతుంటాయి. నా చిన్నతనంలో మా ఊరి సంఘంలో శ్రమకాలం మొదలయ్యే భస్మ బుధవారం అన్న మాటే వినపడేది కాదు. అది లూథరన్ల, కథోలికుల ఆచారమని మా పెద్దలు పట్టించుకునేవారు కారు. ఇప్పుడు మా దగ్గర కూడా నలభై దినాల ప్రార్థనలు జరుగుతున్నాయి, అది మంచిదే. నేను చెప్పబోయేది మాత్రం ఆ పగటి పనికీ ఆ రాత్రి ప్రార్థనకూ మధ్య నా జీవితంలో చాలా కాలం ఏ సంబంధమూ లేకపోయిన సంగతి.

నెల్లూరు వైపు ధాన్యం పుట్ల లెక్కన కొంటారని ఇతర జిల్లాల పాఠకులకు తెలియకపోవచ్చు. మా పుట్టి అంటే 850 కిలోలు. ధర పుట్టికి మాట్లాడుకుంటాం, కళ్లంలోనే కాటా కట్టి తూచుకుంటాం. కోసిన ధాన్యంలో తేమ ఉంటుంది, ఎండితే బరువు తగ్గుతుంది, తాలు కూడా కొంత ఉంటుంది. అందుకని తరుగు పేరుతో పుట్టికి కొన్ని కిలోలు అదనంగా తూచుకోవడం ఆనవాయితీ. అంతవరకు న్యాయమే అనుకుందాం. కానీ మబ్బు పట్టిన రోజున, అప్పులవాళ్లు ఇంటి ముందు కూర్చుని ఉన్న రోజున, పట్టలు చాలక ధాన్యం రాశి నేల మీదే ఉన్న రోజున రైతు బేరమాడే స్థితిలో ఉండడు. అలాంటి రోజుల్లో నేను పుట్టికి నలభై కిలోల దాకా తరుగు తీశాను. ఖాళీ గోతం కిలో కూడా తూగదు, దానికి రెండు కిలోలు తగ్గించాను. డబ్బు మాత్రం 850 కిలోలకే లెక్క కట్టి ఇచ్చాను. చుట్టుపక్కల వ్యాపారులందరూ చేసేదే నేనూ చేస్తున్నానని అనుకున్నాను గనుక, బైబిలులోని సామెతల గ్రంథంలో ‘దొంగత్రాసు’ అన్న మాట ఎన్నిసార్లు చదివినా అది మా కాటాను గురించిన మాటని నాకు ఒక్కసారి కూడా అనిపించలేదు.

1994 మార్చిలో ఒక రాత్రి మా ఊరి కూటంలో యాభై ఒకటో కీర్తన మీద ప్రసంగం జరిగింది. దావీదు రాజు చేసిన పాపం, పేదవాడి గొర్రెపిల్లను ధనవంతుడు లాక్కున్నాడని నాతాను ప్రవక్త వచ్చి చెప్పిన కథ, ఆ తర్వాత రాజు కార్చిన కన్నీరు అన్నీ ప్రసంగీకుడు కళ్లకు కట్టినట్లు చెప్పారు. నేను మోకాళ్ల మీద పడి ఏడ్చాను. ఆ ఏడుపులో నటన లేదు, అది నిజమైన దుఃఖమేనని ఇప్పటికీ నమ్ముతున్నాను. మర్నాడు ఉదయం ఏడు గంటలకు ఒక రైతు కళ్లంలో కాటా కట్టాం. నా దగ్గర పనిచేసే హమాలీ మొదటి గోతం ఎత్తబోతూ ఆగి, “అన్నా, తరుగు ఎంత పెట్టమంటావు?” అని అడిగాడు. నేను చిట్టా పుస్తకం మీద నుంచి తల ఎత్తకుండానే, “ఎప్పుడూ పెట్టేదే పెట్టు” అన్నాను. అతను ఇంకేమీ అనలేదు, పని కానిచ్చాడు. అంతకు ముందు ఏ రోజూ అతను ఆ మాట అడిగి ఎరగడు. రాత్రి కూటంలో నా వెనక వరుసలోనే కూర్చుని నేను ఏడవడం చూశాడు గనుక అడిగాడని నాకు చాలా ఏళ్ల తర్వాత గాని తట్టలేదు.

సంపాదకులు గారూ, నేను ఆ రాత్రి ఒప్పుకున్నది అబద్ధం కాదు, మర్నాడు ఉదయం చెప్పిన మాటా అబద్ధం కాదు. రెండూ ఒకే మనిషి నోట పన్నెండు గంటల తేడాలో వచ్చాయి. నేను దేవునితో ఒప్పుకున్న పాపాలకు పేర్లు లేవు. ‘పాపిని, అయోగ్యుణ్ణి, క్షమించు ప్రభువా’ అని ఎంత ఏడ్చినా అందులో ‘పుట్టికి నలభై కిలోలు’ అన్న మాట లేదు. పేరు పెట్టని పాపాన్ని ఒప్పుకోవడం ఎంత తేలికో, మర్నాడు దాన్నే మళ్లీ చేయడం కూడా అంతే తేలిక.

మా సంఘాల్లో ప్రతి ఆదివారం పరలోక ప్రార్థన చెబుతాం. మన తెలుగు బైబిలులో మత్తయి సువార్త ప్రకారం అందులో ఉన్న మాట ‘మా ఋణములు క్షమించుము’ అని. అనువాదకులు అక్కడ పాపం అన్న మాట వేయలేదు, ఋణం అన్న మాటే వేశారు, మూలంలోనూ అప్పు అనే అర్థమే ఉంది. ప్రామిసరీ నోట్లతో, వడ్డీలతో, బ్యాంకు నోటీసులతో బతికే మన పల్లె జనానికి ఇంతకంటె తేలికగా అర్థమయ్యే మాట ఇంకొకటి ఉండదు. అయినా చిన్నప్పటి నుంచి వేల సార్లు ఆ మాట పలికిన నాకు, నేను దేవునికి మాత్రమే ఋణపడి ఉన్నాననీ, ఆయన మాఫీ చేస్తే పద్దు మూసినట్టేననీ ఒక నమ్మకం ఏర్పడిపోయింది. ఫలానా రైతు ధాన్యం నా ద్వారా మిల్లుకు పోయి బియ్యమై ఎవరో తినేశారు గనుక ఆ పద్దు కూడా దానంతట అదే కొట్టివేసినట్టే అనుకున్నాను.

బైబిలులోని మోషే ధర్మశాస్త్రం అలా అనదు. సంఖ్యాకాండము అయిదో అధ్యాయంలో, ఎవరైనా పొరుగువానికి నష్టం చేసి ఆ సంగతి తెలుసుకున్నప్పుడు తన పాపాన్ని ఒప్పుకుని, తీసుకున్న దానిని పూర్తిగా తిరిగి ఇచ్చి, దాని మీద అయిదో వంతు కలిపి ఇవ్వాలని ఉంది. నష్టపోయినవాడు చనిపోయి, ఆ సొమ్ము పుచ్చుకోవడానికి దగ్గరి బంధువు కూడా లేకపోతే ఏం చేయాలో కూడా అక్కడే రాసి ఉంది. ఇంతకాలం తర్వాత ఎవరిని వెతకాలి, ఎక్కడికని వెళ్లాలి అని మనం చెప్పబోయే సాకు మోషే కాలానికే తెలుసన్నమాట. లేవీయకాండము ఆరో అధ్యాయంలో ఇదే నియమం మళ్లీ వస్తుంది, అక్కడ వరస చూడండి: ముందు నష్టపోయినవాడికి సొమ్ము అప్పగించాలి, ఆ తర్వాతే యాజకుని దగ్గరికి అపరాధ పరిహారార్థబలిని తీసుకుని పోవాలి. యేసు ప్రభువు కొండమీది ప్రసంగంలో చెప్పినదీ ఆ వరసే. బలిపీఠం దగ్గర అర్పణ పెట్టబోతుండగా నీ సహోదరునికి నీమీద ఏదైనా విరోధం ఉందని జ్ఞాపకం వస్తే, అర్పణను అక్కడే విడిచి ముందు వెళ్లి సమాధానపడమన్నాడు. గుడి లోపలికి వచ్చిన మనిషిని పని ముగించుకుని రమ్మని వెనక్కి పంపిన ఆ మాట మన కానుకల పెట్టెల దగ్గర ఎప్పుడైనా వినపడుతుందా అన్నది పెద్దలు ఆలోచించుకోవాలి.

జక్కయ్య కథ ఆదివారపు బడి పిల్లలకు కూడా తెలుసు. పొట్టివాడు, మేడిచెట్టు ఎక్కాడు, యేసు అతని ఇంటికి వెళ్లాడు అన్నంతవరకే పాట పాడిస్తాం. అతను చెప్పిన లెక్కను మాత్రం ఎవరూ విప్పి చూడరు. ఆస్తిలో సగం బీదలకిస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు చెల్లిస్తానన్నాడు. తనంతట తాను ఒప్పుకున్నవాడికి ధర్మశాస్త్రం విధించినది అయిదో వంతు మాత్రమే. నాలుగంతలన్నది నిర్గమకాండము ఇరవై రెండో అధ్యాయంలో గొర్రెను దొంగిలించి, దాన్ని కోసినవాడికో అమ్మినవాడికో వేసిన శిక్ష. అంటే సుంకం వసూలు చేయడానికి రోమా ప్రభుత్వం తనకిచ్చిన అధికారాన్ని అడ్డం పెట్టుకోకుండా, అందరూ తీసుకునేదే నేనూ తీసుకున్నానని అనకుండా, జక్కయ్య తనను తాను గొర్రెల దొంగల వరసలో నిలబెట్టుకున్నాడు. ధాన్యం వ్యాపారం చేసిన వాడిగా చెబుతున్నాను, ఆ వాక్యంలో ఎక్కువ ఖరీదైన మాట అదే. ఇంకొక సంగతి కూడా మరచిపోకూడదు. ప్రభువు అతని ఇంటికి వస్తానన్నది అతను లెక్క చెప్పక ముందే. తిరిగి ఇవ్వడం వల్ల క్షమాపణ కొనుక్కోవచ్చని నేను అనడం లేదు. అలా అంటే మా సంఘ కాపరి గారు నన్ను నిలదీస్తారు, అది న్యాయమే. పిలుపు ఉచితంగానే వచ్చింది. ఆ పిలుపు నిజంగా ఇంట్లోకి అడుగుపెడితే మాత్రం బీరువా తలుపు తెరుచుకోక తప్పదు.

నాకు ఈ సంగతి అర్థమైంది ప్రసంగాల వల్ల కాదు, నా భార్య వల్ల. 2008లో వ్యాపారం మానేశాక ఒక రోజు పాత కాగితాలు సర్దుతూ, నా కొనుగోలు పుస్తకాలు తీసి, ప్రతి రైతు పేరుకు ఎదురుగా ‘త’ అని ఒక అక్షరం, దాని పక్కన ఒక అంకె ఎందుకున్నాయని ఆమె అడిగింది. మిల్లులో అప్పగించే తూకం సరిచూసుకోవడానికి తరుగు రాసుకున్న గడి అది. చెప్పాను. ఆమె పుస్తకం మూయలేదు. “దేవుడికి ఏడ్చి చెప్పుకున్నావు గదా, ఆ మనుషులకు గూడా ఒక్కమాట చెప్పరాదా?” అంది. నేను ఆ రోజు సమాధానం చెప్పలేదు, ఆ తర్వాత మూడేళ్ల దాకా కూడా చెప్పలేదు.

చివరికి లెక్క వేయడానికి కూర్చున్నప్పుడు కూడా నా చెయ్యి నావైపే మొగ్గింది. న్యాయమైన తరుగు ఎంతో, అదనంగా తీసుకున్నది ఎంతో విడదీయాలి గదా, మొదట పుట్టికి పాతిక కిలోలు న్యాయమైనవేనని రాసుకున్నాను. రాత్రంతా ఆలోచించి మర్నాడు పన్నెండు చేశాను. ధాన్యంగా తీసుకున్నది గనుక ధాన్యంగానే లెక్క కట్టి, ఈనాటి ధర వేసి, అయిదో వంతు కలిపాను. నాలుగంతలు ఇచ్చే శక్తి గాని, నిజం చెప్పాలంటే మనసు గాని నాకు లేకపోయాయి.

మొదట వెళ్లింది ఒక ముసలి రైతు ఇంటికి. సంగతంతా విని ఆయన పెద్దగా నవ్వి, “నాకు అప్పుడే తెలుసులే అబ్బయా, తెలిసి మాత్రం ఎవురికి చెప్పుకునేది?” అన్నారు. డబ్బు పుచ్చుకుని, నా ఎదుటనే రెండుసార్లు లెక్కపెట్టుకుని, మంచినీళ్లు ఇప్పించారు. ఆ రెండోసారి లెక్కపెట్టుకోవడం నాకు బాగా గుర్తుంది. నన్ను క్షమించారు గాని నా లెక్కను నమ్మలేదు, నమ్మవలసిన అవసరం కూడా ఆయనకు లేదు.

రెండో ఇంట్లో రైతు లేడు, పోయి ఆరేళ్లయింది. కొడుకు ఉన్నాడు. నేను చెబుతున్నంతసేపూ నిలబడే విన్నాడు. “మా నాయన ఆ ఏడాది గింజలమ్మిన డబ్బు చాలక అక్క పెళ్లికి అర ఎకరం అమ్మినాడు. ఆయనుండంగా తెచ్చుంటే వేరే మాట. ఇప్పుడు ఇది తీసుకుని నిన్ను క్షమించినానని నేనెట్ట చెప్పేది?” అని కవరు నా చేతిలోనే పెట్టి లోపలికి వెళ్లిపోయాడు. మళ్లీ ఒకసారి వెళ్లాను, అప్పుడూ తీసుకోలేదు. అతను తీసుకోకపోవడం అతని హక్కు. ఇలాంటి సందర్భాల్లో మన సంఘాల్లో ఒక చెడ్డ అలవాటు ఉంది: తప్పు చేసినవాడు ఏడ్వగానే, ‘క్షమించకపోతే నీ పాపాలు కూడా క్షమించబడవు’ అని నష్టపోయినవాడి మీదికి వాక్యం విసురుతాం. దెబ్బలు తిన్న భార్యను ఆ వాక్యంతోనే తిరిగి భర్త ఇంటికి పంపిన పెద్దలు మనలో ఉన్నారు. ఒప్పుకోవడం నా పని. క్షమించడం ఎప్పుడో, అసలు క్షమించాలో లేదో తేల్చుకోవలసినది అతనూ దేవుడూ. మధ్యలో నేను తొందర పెట్టకూడదు, కాపరి కూడా పెట్టకూడదు.

హమాలీ దగ్గరికి అందరికంటె చివర వెళ్లాను, నిజానికి ముందు వెళ్లవలసిన ఇల్లు అదే. అతని చేత్తో నేను దొంగతనం చేయించాను, అదీ కూటం జరిగిన మర్నాడు. అతనికి ఎన్ని కిలోలు బాకీ పడ్డానో ఏ పుస్తకంలోనూ లేదు.

నేను బాకీ పడిన రైతుల్లో ఎక్కువమంది హిందువులు, కొందరు ముస్లిములు. వాళ్లెవరూ మా కూటాలకు రారు. నేను చర్చిలో ఎంత గట్టిగా సాక్ష్యం చెప్పినా అది వాళ్ల చెవిన పడే అవకాశం లేదు. పాపం చేసింది కళ్లంలో, ఒప్పుకున్నది ప్రార్థనా మందిరంలో. రెండింటికీ మధ్య దూరం అర మైలు కూడా ఉండదు, ఆ దూరం నడవడానికి నాకు పదిహేడేళ్లు పట్టింది. మన సాక్ష్యాల్లో, ‘నేను ఒకప్పుడు తాగుబోతును, సినిమాలు చూసేవాణ్ణి, ప్రభువు నన్ను మార్చాడు’ అన్న మాటలు ఎన్నో విన్నాను. తాగుడు మానడం ఎంత గొప్ప విడుదలో దాని వల్ల కూలిన ఇళ్లను చూసిన నాకు తెలుసు, దాన్ని తక్కువ చేయను. కానీ కొడుకు పెళ్లికి తీసుకున్న కట్నాన్ని తిరిగి ఇచ్చానని సాక్ష్యం చెప్పిన విశ్వాసిని నేను ఇంతవరకు చూడలేదు. కూలీల దగ్గర పట్టి ఉంచిన డబ్బు ఇచ్చేశానన్నవారినీ, అన్న వాటాలోకి జరిపిన గట్టును మళ్లీ వెనక్కి జరిపానన్నవారినీ చూడలేదు. ఫలానా కులంవారిని పెళ్లి సంబంధానికి ఒప్పుకోకపోవడం పాపమేనని ఒప్పుకున్న పెద్దమనిషి మాట అసలే వినలేదు. మన పాపాల జాబితాలో ఎవరికీ ఏమీ తిరిగి ఇవ్వనక్కరలేని పాపాలే ఎక్కువ ఉన్నాయి.

ఉజ్జీవం అంటే మన జిల్లాల వారికి కొత్త మాట కాదు. 1840లో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే నెల్లూరికి వచ్చి స్థిరపడిన నాటి నుంచి పాతికేళ్ల పైగా ఫలితం కనపడక, ఈ మిషనును మూసివేయాలని అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చ జరిగింది. 1854 జనవరి 1న తెల్లవారుజామున అదే మిషనుకు చెందిన లైమన్ జ్యూయెట్, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఒంగోలు కొండ ఎక్కి ప్రార్థించారు; ఆ కొండను ఇప్పటికీ ప్రార్థన కొండ అనే పిలుస్తారు. 1866లో ఆ మిషను తరఫునే జాన్ క్లౌ ఒంగోలుకు వచ్చారు. ఆ తర్వాతి చరిత్రలో మన ఉజ్జీవ సభల ఫ్లెక్సీల మీద తప్పకుండా కనపడేది ఒకే ఒక అంకె: 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజున బాప్తిస్మం పొందిన 2,222 మంది.

ఆ అంకెకు వెనక ఉన్న పదిహేను నెలలను గురించి మాత్రం ఎవరూ చెప్పరు. 1876 నుంచి 1878 దాకా మద్రాసు ప్రెసిడెన్సీని పీడించిన కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం పనిని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్న వేలమందికి కూలి ఇచ్చారు. తెలుగు బోధకులు అక్కడే పని చేయిస్తూ, పని ఆగినప్పుడు వాక్యం చెప్పారు. జనం బాప్తిస్మం ఇమ్మని అడుగుతూనే ఉన్నారు. క్లౌ ఇవ్వలేదు. గింజల కోసమో కూలి కోసమో వచ్చేవారినీ, విశ్వాసంతో వచ్చేవారినీ కరువు రోజుల్లో వేరు చేయడం సాధ్యం కాదని, సాయం పంచడం ముగిసే దాకా తలుపు మూసే ఉంచారు. లాభం వచ్చే దారి మూసుకుపోయాక కూడా జనం వచ్చారు, అప్పుడు గుండ్లకమ్మ దగ్గర నిలబడ్డారు. ఆ రోజు నీళ్లలో దిగి బాప్తిస్మం ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులు వేసుకుని. మా ఊరికి తూర్పున ఉన్న అదే కాలువ గట్టు మీద సాయంత్రం పూట నడుస్తున్నప్పుడల్లా నాకు ఆ పదిహేను నెలలే గుర్తుకొస్తాయి. చేతులెత్తినవారిని అప్పటికప్పుడే లెక్కించి మర్నాటి పత్రికకు పంపే మనకూ, వచ్చినవారిని పదిహేను నెలలు ఆపిన ఆయనకూ ఎంత తేడా ఉందో చూడండి.

ఆ తొలి విశ్వాసులకు పాత బతుకును విడవడం మాటలతో పోలేదు. ఆదివారం పనికి రాబోమన్నందుకు, జాతరల్లో డప్పు కొట్టబోమన్నందుకు ఊరి పెద్దలు వాళ్లకు పని ఆపారు, కొన్ని చోట్ల బావి నీళ్లు కూడా ఆపారని ఆనాటి మిషనరీల రచనల్లో ఉంది. వాళ్లు విడిచిపెట్టిన దాని వల్ల వాళ్లకు నష్టం వచ్చింది. వాళ్ల మునిమనవలమైన మనం విడిచిపెట్టామని చెప్పే వాటి వల్ల మనకు ఒక్క రూపాయి నష్టం కూడా రావడం లేదంటే, ఎక్కడో తూకం తప్పుతున్నట్టే గదా.

ఇక నా మనవి. మా సంఘాల్లో నెలకొకసారి, సాధారణంగా మొదటి ఆదివారం, ప్రభువు బల్ల, అంటే యేసు కడరాత్రి భోజనాన్ని జ్ఞాపకం చేసుకుంటూ రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ఆరాధన, ఉంటుంది. ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకోవాలన్న పౌలు మాట చదివి, రెండు నిమిషాలు మౌనంగా ఉండి, రొట్టె విరుస్తాం. ఆ రెండు నిమిషాల్లో కళ్లు మూసుకోవడానికి వీలవుతుంది గాని, ఎవరి ఇంటికైనా వెళ్లి రావడానికి వీలు కాదు. బల్లకు ముందు వచ్చే శనివారం సాయంత్రం ఏ కూటమూ పెట్టకుండా, పాటల అభ్యాసం కూడా పెట్టకుండా, వెళ్లవలసినవారు వెళ్లి రావడానికి ఆ పూటను వదిలిపెట్టమని సంఘ కాపరులను, పెద్దలను కోరుతున్నాను. ఎవరు ఎవరి ఇంటికి వెళ్లారో సంఘంలో చెప్పనక్కర లేదు, ఆదివారం సాక్ష్యంగా వినిపించనక్కర అసలే లేదు. పదిమందిలో చెప్పే ఒప్పుకోలులో మన పరువుతో పాటు ఇతరుల పరువు, ముఖ్యంగా ఆడపిల్లల పరువు, వాళ్లను అడగకుండానే బజారున పడడం నేను చూశాను. తప్పు ఎంత మేరకు తెలుసో ఒప్పుకోలు కూడా అంత మేరకే ఉంటే చాలు. అయితే పిల్లల మీద అఘాయిత్యం లాంటి నేరాలను ఈ మాట కింద దాచకూడదు. అలాంటివాటికి వెళ్లవలసిన ఇల్లు పోలీసు స్టేషను, సంఘ పెద్దలు దాన్ని లోపల్లోపల సర్దుబాటు చేయడం ఇంకొక పాపం.

వారసులు కనపడని రైతుల బాకీని ఏం చేయాలని నేను అడిగినప్పుడు, సంఘానికి కానుకగా ఇమ్మని మా కాపరి గారు సలహా ఇచ్చారు. సంఖ్యాకాండము ప్రకారం అది తప్పు కాదు. అయితే మా దగ్గర కానుక ఇచ్చినవారి పేరు చదివి చప్పట్లు కొట్టించే అలవాటు ఉంది గనుక, పేరు చదవబోమని మాట తీసుకున్నాకే విధవరాండ్ర నిధిలో వేశాను. తిరిగి ఇచ్చిన దొంగసొత్తుకు చప్పట్లేమిటని అడిగితే కాపరి గారు కూడా నవ్వి ఊరుకున్నారు.

ఈ ఉత్తరం ప్రచురిస్తే నా పేరు వేయవద్దని కోరడానికి కారణం అదే గాని, దాక్కోవాలని కాదు. ఎవరి ఇళ్లకు వెళ్లానో వాళ్లకు నేనెవరో తెలుసు. మా కొనుగోలు పుస్తకంలో ‘త’ గడి పక్కన టిక్కు పడని పేర్లు ఇంకా పదకొండు ఉన్నాయి. వాటిలో రెండు కుటుంబాలు కావలి వైపు వెళ్లాయని ఈ మధ్యే తెలిసింది. కవరు పుచ్చుకోని ఆ కొడుకు పొలంలో ఈ వారం కోతలు మొదలయ్యాయి. ధాన్యం ఆరబెట్టుకోవడానికి మా ఇంట్లో ఉన్న పెద్ద పట్టలు రెండు కావాలని నిన్న మనిషిని పంపాడు. పంపించాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
విశ్రాంత ధాన్యం వ్యాపారి,
అల్లూరు మండలం, నెల్లూరు జిల్లా.